4417 నంబరు కార్డు

నాలుగు రోజుల్లో భిలాయిలో ఒక క్రేన్ నూట నలభై టన్నుల కరిగిన ఉక్కును మనుషుల మీద వదిలేయబోతోందని కనకరత్నం చెప్పినప్పుడు సింహాద్రి టీ తాగుతున్నాడు. తాగడం ఆపలేదు.

“విన్నావా?”

“విన్నాను మేడమ్. గురువారం.”

“ఎన్ని గంటలకని అడగవేం?”

“మీకు తెలిస్తే ఈపాటికి చెప్పేవారు.”

కనకరత్నం అతన్ని ఒకసారి చూసి ఫైలు తెరిచింది. ఆమె నడిపే విభాగానికి పేరు లేదు. రాయపూర్‌లో ఒక కొరియర్ కంపెనీ మేడ మీద మూడు గదులు, ఒక వాటర్ కూలర్, ఉగాదికి ఉగాదికి మాత్రమే పనిచేసే ఏసీ. శత్రువుకు అనుమానం రాకూడదనే ఆఫీసును అలా ఉంచారని కొత్తగా చేరిన వాళ్లకి చెబుతారు. పాతవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

బ్రీఫింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. శివనాథ్ స్పెషల్ స్టీల్స్ అని భిలాయి హైవే పక్కన ఒక ప్రైవేటు కంపెనీ. నౌకాదళం కోసం ప్రత్యేకమైన ఉక్కు తయారుచేసే ఆర్డరు దానికి వచ్చింది. గురువారం మొదటి హీట్, అంటే మొదటి పోత. చూడటానికి ఇరవై ఇద్దరు అధికారులు వస్తున్నారు. ఆ పోత పోసే క్రేన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో ‘ఆక్టేవ్’ అనే విదేశీ ముఠా ఏదో దాచిపెట్టింది. ఏ దేశమని ఎవరైనా అడిగితే కనకరత్నం కిటికీలోంచి బయటికి చూస్తుంది. అదే జవాబు.

“క్రేన్ ఆపేస్తే సరిపోతుంది కదా,” అన్నాడు సింహాద్రి.

“ఇదే మందు ఇంకో రెండు ఫ్యాక్టరీల్లో కూడా పెట్టారు. ఏవో మనకు తెలీదు. ఆ పేర్లు వాళ్ల మనిషి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఒక్క కీ నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. ఇక్కడ ఏ చప్పుడైనా అయిందా, నొక్కేస్తాడు. వాడు తెర మీద కళ్లు పెట్టి కూర్చున్నప్పుడే పట్టుకోవాలి.” ఆమె ఫైలు మూసింది. “భిలాయి నువ్వు పుట్టిన ఊరే కదా?”

“క్యాంప్ 2. మా తెలుగు కార్మికుల బస్తీ.”

“ఎవరున్నారు అక్కడ?”

“తమ్ముడు. యుగంధర్. ఆ కంపెనీలోనే క్రేన్ ఆపరేటర్. ఈ వారం వాడిది రాత్రి షిఫ్టు.”

ఆమెకు అది ముందే తెలుసు. రాత్రి షిఫ్టు కాకపోయి ఉంటే ఈ పని ఇంకొకరికి ఇచ్చేది.

సింహాద్రి ఢిల్లీలో జనాభా లెక్కల ఆఫీసులో పనిచేస్తున్నాడని ఇంట్లోవాళ్ల నమ్మకం. ఆరేళ్ల క్రితం అతని తల్లి అప్పలనర్సమ్మ పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు అతను ఒక పరాయి రేవు పట్నంలో మిరియాల వ్యాపారి వేషంలో ఉన్నాడు. మెసేజ్ చదివాడు. రూలు ప్రకారం చెరిపేశాడు. కిందికి దిగి, తాను నిఘా వేసిన మనిషితో కలిసి భోంచేశాడు, రెండోసారి అన్నం కూడా వడ్డించుకున్నాడు. కర్మకాండలన్నీ యుగంధర్ ఒక్కడే చేశాడు. తర్వాత ఒక్క మెసేజ్ పంపాడు: ఇంక రానక్కర్లేదు.

ఆ రోజు నుంచి సింహాద్రికి ఏదీ తగలడం లేదు. దెబ్బ తగిలితే నొప్పి తెలుస్తుంది, ఆకలేస్తే ఆకలి తెలుస్తుంది. అంతకు మించి లోపల ఎవరో మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లినట్టుంటుంది. డిపార్ట్‌మెంటు దీన్ని మనోనిబ్బరం అనుకుని రెండుసార్లు మెచ్చుకోలు లేఖ ఇచ్చింది.

*

సోమవారం ఉదయం నెహ్రూ నగర్‌లో ఒక జ్యూస్ బండి దగ్గర అతను నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, మందపాటి కళ్లద్దాలు, భుజాన క్యాన్వాస్ సంచి. పేరు సూర్యప్రకాష్. క్రేన్లకు వాడే ఇనుప తాళ్లను పరీక్షించే బయటి ఇన్స్పెక్టర్. ఎనిమిదేళ్లుగా పోషిస్తున్న వేషం అది. లైసెన్సు ఉంది, పాత రిపోర్టులున్నాయి, రెండు కంపెనీల్లో అతని మీద ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఫిర్యాదులు లేని ఇన్స్పెక్టర్‌ను ఎవరూ నమ్మరు.

ఎర్ర కారు ఆగింది. హేమమాలిని దిగింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. జ్యూస్ తీసేవాడు బత్తాయిని తొక్కతో సహా మిషన్లో పడేశాడు.

“సీతాఫలం జ్యూస్ దొరుకుతుందా?” అంది ఎవరితోనూ అననట్టు.

“కాంకేర్ నుంచి రావాలి,” అన్నాడు సింహాద్రి.

ఆమె జడకున్న క్లిప్పు తీసి బండి మీద పెట్టింది. జుట్టు వీపంతా పరుచుకుంది. క్లిప్పులో గోరంత మెమరీ చిప్, అందులో క్రేన్ సాఫ్ట్‌వేర్ మొత్తం. శివనాథ్ కంపెనీకి ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థలో ఆమె పెద్ద కన్సల్టెంట్. ఆక్టేవ్ ఆమెను రెండేళ్ల క్రితం చేరదీసింది. మూడో నెలలోనే ఆమె కనకరత్నం దగ్గరికి వచ్చి అంతా చెప్పేసింది.

“వాళ్లకు నేను మీ మనిషినని తెలుసు, వాళ్ల కోసమే మీ దగ్గర చేరాననుకుంటారు. మీకు నేను వాళ్ల మనిషినని తెలుసు. ఎవరినీ మోసం చెయ్యట్లేదు,” అంది స్ట్రా అందుకుంటూ. “గురువారం వాళ్ల మనిషి, ప్రొఫెసర్ అంటారు, ల్యాప్‌టాప్‌తో మా ఫ్లాట్‌లోనే కూర్చుని చూస్తాడు. ఎలా జరుగుతుందో మాత్రం నాకు చెప్పలేదు. కోడ్‌లో నేనూ వెతికాను. కనపడలేదు.”

“భయమేస్తోందా?”

“నీకు వెయ్యట్లేదా?”

సింహాద్రి ఆలోచించాడు. లేదనే చెప్పాడు. ఆమె అతని వైపు జాలిగా చూసి కారెక్కింది. క్లిప్పు సంచిలో వేసుకుని అతను బత్తాయి రసం తాగాడు, చేదుగా ఉంది.

*

ఆ చిప్‌ను గుమస్తా చేతికిచ్చారు. గుమస్తా అంటే మనిషి కాదు. పెద్ద భాషా మోడల్ మీద పనిచేసే ఏజెంట్ల గుంపు. ఒకటి కోడ్ చదువుతుంది. రెండోది మొదటిది చెప్పిన ప్రతి మాటనూ అనుమానిస్తుంది. మూడోది ఆ కోడ్‌ను కంప్యూటర్లోనే ఒక ఉత్తుత్తి క్రేన్ మీద నడిపి చూస్తుంది. మూడింటికీ టీఏ డీఏలు అక్కర్లేదు, మరదలి పెళ్లని సెలవు అడగవు. అందుకని ఆఫీసులో పాతకాపులందరికీ వాటి మీద ఒళ్లుమంట. వాటిని అదిలించి పనిచేయించేది సుచిత్ర. పాతికేళ్లు ఇతరుల టెలిఫోన్లు విన్న మనిషి కాబట్టి ఎవరు ఏం చెప్పినా ఒక పట్టాన నమ్మదు.

మూడు లక్షల ఎనభై వేల లైన్లు. మంగళవారం మధ్యాహ్నానికి గుమస్తా అరవై రెండు అనుమానాలు పట్టుకొచ్చింది. సుచిత్ర ఒక్కోదానికీ ఫైలు పేరు, లైన్ నంబరు అడిగింది. ఒకచోట అది అసలు లేనే లేని ఫైలు పేరు ధీమాగా చెప్పింది. ఆ ఫైలు చూపించమంటే క్షమాపణ చెప్పింది. సాయంత్రానికి అరవై ఒకటి కొట్టేశారు. ఒకటి మిగిలింది.

అది చూసి సుచిత్ర కుర్చీలో వెనక్కి వాలింది. ఎనిమిది నెలల్లో పద్నాలుగు చిన్న చిన్న అప్‌డేట్లు వచ్చాయి. ఒకదాంట్లో తేదీ లెక్క, ఒకదాంట్లో బరువు లెక్క, ఇంకోదాంట్లో బ్రేక్ రిపేరు. విడివిడిగా చూస్తే ఏ ఇంజనీరైనా సంతకం పెట్టేస్తాడు. పద్నాలుగింటినీ ఒక్కసారి తలలో పెట్టుకుని చదివితే తప్ప అది ఉచ్చని తెలీదు. మనిషి తలకి అంత చోటు లేదు.

ఉచ్చు ఇది. గురువారం. క్రేన్ క్యాబిన్‌లోని రీడరులో 4417 నంబరు కార్డు ఉండాలి. కొక్కేనికి నూట ఇరవై టన్నులు దాటిన బరువు వేలాడాలి. ఆపరేటర్ కిందికి దించడం మొదలుపెట్టాలి. ఈ నాలుగూ కలిస్తే బ్రేకులు తెరుచుకుంటాయి. ఆపరేటరే చేత్తో బ్రేక్ వదిలాడని రికార్డులో పడుతుంది.

4417 తిరుమలరావుది. కంపెనీలో అందరికన్నా సీనియర్ ఆపరేటర్. నేవీ పోత అతని చేతికే ఇస్తారని ఎవరైనా ఊహించగలరు. పైగా మూడేళ్ల క్రితం డ్యూటీలో కునికాడని అతనికి ఒక మెమో ఉంది. ఇరవై ఇద్దరు చచ్చాక ఎంక్వయిరీ వేస్తే ఆ మెమో ఒక్కటి చాలు.

“అయితే 4417 రీడరులో లేకపోతే?” అని అడిగాడు సింహాద్రి.

సుచిత్ర టైపు చేసింది. మూడు ఏజెంట్లూ ఒకే మాట చెప్పాయి. కార్డు లేకపోతే ఉచ్చు నిద్రపోతుంది.

కనకరత్నం వెంటనే ప్లాన్ వేసింది. తిరుమలరావు తొమ్మిదేళ్ల క్రితం ఒక బస్సు ప్రమాదం కేసులో సాక్షి. ఆ వాయిదా గురువారానికి వచ్చేలా లాయరు చూసుకుంటాడు. తిరుమలరావు దుర్గ్ కోర్టులో ఉంటాడు. క్రేన్ వేరే కార్డుతో నడుస్తుంది, పోత సాఫీగా అయిపోతుంది. ఎందుకు పడలేదని ప్రొఫెసర్ తల గోక్కుంటూ తెర ముందు కూర్చుంటాడు. సరిగ్గా పన్నెండింటికి మన టీమ్ తలుపు తడుతుంది. ఎక్కడా లోటు కనిపించలేదు. సింహాద్రి కూడా బాగుందన్నాడు.

*

గురువారం పదిన్నరకు దుర్గ్ కోర్టు వరండాలో తిరుమలరావు బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. అతను మధ్యలో లేచిపోకుండా చూడటం సింహాద్రి పని. సూర్యప్రకాష్ వేషంలోనే పక్కన కూర్చుని, చెవిలో పసుపుపచ్చ ఫోమ్ ఇయర్ ప్లగ్ సర్దుకున్నాడు. ఫ్యాక్టరీల్లో చప్పుడు వినపడకుండా పెట్టుకునేదే అది. కాకపోతే ఇందులో సుచిత్ర మాట్లాడుతుంది.

ప్లగ్‌లోని సుచిత్రతో అతను గొణిగిన ఒక్క తెలుగు ముక్క చాలింది. తిరుమలరావు మొహం విప్పారింది.

“మనోల్లేనా? ఏ ఊరండీ మీది?”

పార్వతీపురం దగ్గరని సింహాద్రి అబద్ధమాడాడు. తనది బొబ్బిలని, భిలాయి వచ్చి పదిహేనేళ్లయిందని, పిల్లలకి తెలుగు కన్నా హిందీయే నోటికొస్తుందని తిరుమలరావు ఏకరువు పెట్టాడు. సాక్ష్యం ఎప్పుడు పిలుస్తారో తెలీదు, నేవీ హీట్ ఉన్న రోజే ఇది తగలడిందని విసుక్కున్నాడు.

“మరి డ్యూటీ నాగా అయిపోయింది కదా పాపం,” అన్నాడు సింహాద్రి, మాట కోసం మాట.

“నాగా ఎందుకవుద్ది బాబూ? కార్డు మా లైన్లో కుర్రోడికిచ్చీసినాను. రాత్రి డ్యూటీ సేసినోడు దిగకుండా అలాగే నా బదులు కూకున్నాడు. వచ్చే వారం ఆడికి నాను సేస్తాను. ఎడ్జస్ట్‌మెంటు.” గుప్పెడు వేరుశనక్కాయలు సింహాద్రి చేతిలో పోశాడు. “యుగంధర్ అని, అప్పలనర్సమ్మ గారి సిన్నోడు. నేవీ హీటు కదా, సెయ్యి తిన్నగా ఉన్నోడే ఉండాల.”

సింహాద్రి చేతిలోని కాయల వైపు చూశాడు. ఎడ్జస్ట్‌మెంటు. తండ్రి రోజుల నుంచీ ఉన్నదే. ఒకరి బదులు ఒకరు డ్యూటీ చేస్తారు, కార్డు మాత్రం డ్యూటీ ఉన్నవాడిదే పెడతారు. ఫోర్‌మన్‌కి తెలుసు, గేటు వాళ్లకి తెలుసు, కార్డు రీడరుకి మొహాలు తెలీవు. ఎవరూ ఎక్కడా రాయరు. రాయని దాన్ని గుమస్తా చదవలేదు, దాని తప్పు లేదు. కానీ తను క్యాంప్ 2లో పుట్టాడు. తెలిసినవాడే మర్చిపోయాడు. తమ్ముణ్ణి తన చేతులతోనే ఆ క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు.

గుండె ఆగిపోతుందేమోనని ఎదురుచూశాడు. ఆగలేదు. కాయలు బెంచీ మీద పెట్టి లేచాడు.

లాయరు స్కూటరు అడగకుండానే తీసుకున్నాడు. భిలాయి వెళ్లే జీఈ రోడ్డు ఎక్కేసరికి కనకరత్నం లైన్లోకి వచ్చింది. విషయం ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆమె అటువైపు చకచకా పని చేసింది, ఏదీ కుదరలేదు. శివనాథ్ గేటు దగ్గర ప్రతి ఒక్కరి ఫోనూ పెట్టెలో పెట్టించుకుంటారు. ఈ రోజు ఎండీది, అధికారులవి కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. గేటు ల్యాండ్‌లైన్‌కి చెబితే సెక్యూరిటీ వాళ్లకు తెలిసిన పని ఒక్కటే, సైరన్ మోగించడం. సైరన్ నెహ్రూ నగర్‌లో ప్రొఫెసర్ కూర్చున్న ఫ్లాట్ దాకా వినపడుతుంది.

“పోత పదకొండూ నలభైకి జరిపారట, అధికారులకి ఫ్లైటుంది,” అంది కనకరత్నం. “టీమ్ ఇంకా దారిలో ఉంది. సింహాద్రీ, సైరన్ మోగకూడదు. మిగతా రెండు చోట్లా ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు.”

“పైన మా తమ్ముడున్నాడు మేడమ్.”

అతను ఒక లారీని దాటాడు.

“తెలుసు. ఏం చేస్తావో చెయ్యి. సైరన్ మాత్రం మోగకూడదు.”

అతను సుచిత్రను పిలిచాడు. బరువు వేలాడుతుండగా కార్డు బయటికి లాగితే ఏమవుతుందని అడిగాడు. గుమస్తా రెండు సెకన్లలో జవాబిచ్చింది: బ్రేకులు బిగుసుకుంటాయి. సుచిత్ర లైన్ నంబరు అడిగింది. ఇచ్చింది. అంతలో అనుమానించే ఏజెంటు అడ్డం పడింది. ఆ లైన్ పక్కనే తొమ్మిదో అప్‌డేట్ చెయ్యి పెట్టింది, నడిపి చూడకుండా నమ్మొద్దంది.

“నడిపించండి.”

“నలభై సెకన్లు పడుతుంది.”

నెహ్రూ నగర్ చౌక్ దగ్గర ఎర్ర లైటు. సింహాద్రి ఆగలేదు. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నంబరు రాసుకున్నాడు. లాయరు పేరున చలాన్ వెళ్తుంది.

“బిగుసుకుంటాయి,” అంది సుచిత్ర. “ఉత్తుత్తి క్రేన్ మీద ముప్పైసార్లు చేసింది, ముప్పైసార్లూ బిగుసుకున్నాయి. తర్వాత వేరే కార్డు పెడితే మామూలుగా దింపొచ్చు. కానీ తొంభై సెకన్లలో పెట్టాలి, లేకపోతే దానంతటదే సైరన్ మోగుతుంది. సింహాద్రి గారూ, అది అసలు క్రేన్ కాదు, గుర్తుంచుకోండి.”

*

పదకొండూ ముప్పై తొమ్మిదికి ఇన్స్పెక్టర్ సూర్యప్రకాష్ ఫోను పెట్టెలో వేసి, హెల్మెట్ పెట్టుకుని, ఉక్కు కరిగించే మెల్టింగ్ షాపులోకి నడిచాడు. పరిగెత్తలేదు. షాపులో పరిగెత్తేవాణ్ణి అందరూ చూస్తారు.

లాడిల్ అప్పటికే గాల్లో ఉంది. చిన్న ఇల్లంత బకెట్టు, నిండా తెల్లగా మండే ఉక్కు. కింద పసుపు గీత అవతల ఇరవై ఇద్దరు అధికారులు తెల్ల హెల్మెట్లతో తలలెత్తి చూస్తున్నారు. అరవై అడుగుల ఎత్తున క్యాబిన్ అద్దం వెనక ఒక తల, రెండు భుజాలు. క్రేన్ నడిపేవాడు బరువు వైపు చూడడు, కింద చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మన్ వైపు చూస్తాడు. సింహాద్రి వెళ్లి ఆ సిగ్నల్‌మన్ భుజం పక్కన నిలబడ్డాడు.

లాడిల్ పోత వేదిక మీదికి వచ్చి ఆగింది. దించమని చెప్పడానికి సిగ్నల్‌మన్ చెయ్యి ఎత్తుతున్నాడు.

సింహాద్రి చొక్కా జేబు మీద రెండుసార్లు తట్టి, కాలర్ పట్టుకున్నాడు.

కార్డు మార్చుకుని డ్యూటీ చేసే ప్రతివాడికీ ఒకే ఒక్క భయం, విజిలెన్స్ వాళ్లు చెకింగ్‌కి రావడం. వచ్చారని చూసినవాడు జేబు తట్టి కాలర్ పట్టుకుంటాడు. క్యాంప్ 2లో ఇది పిల్లలకి కూడా తెలుసు. అది కనపడితే క్యాబిన్‌లో ఉన్నవాడు ఆలోచించడు. ముందు పరాయి కార్డు లాగేస్తాడు, తన కార్డు పెడతాడు, ఆ తర్వాతే భయపడతాడు. కోడ్ గురించి, ఆక్టేవ్ గురించి అరవై అడుగుల కింది నుంచి ఏ సైగతో చెప్పాలి? ఇదొక్కటే అతనికి తోచింది.

పైన ఆ తల చటుక్కున పక్కకి తిరిగింది.

లాడిల్ కుదుపుతో బిగుసుకుంది. అంచు మీంచి కొంచెం ఉక్కు చింది నేల మీద నిప్పురవ్వలై లేచింది. అధికారులు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకటి. సింహాద్రి లెక్కపెడుతున్నాడు. రెండు. తమ్ముడి మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, పదేళ్ల పిల్లాడి మొహమే వచ్చింది. మూడు. నాలుగు. కుదుపు ఆగింది. లాడిల్ మెల్లగా, చాలా మెల్లగా, కిందికి దిగడం మొదలుపెట్టింది. బ్రేకులు పట్టుకునే ఉన్నాయి. వేదిక మీద కూర్చున్నప్పుడు చిన్న గంట మోగింది, అధికారులు చప్పట్లు కొట్టారు.

సింహాద్రి పక్కన పేర్చిన ఇటుకల మీద కూర్చుండిపోయాడు. సంగతి కాళ్లకి తెలిసింది, అతనికే ఇంకా తెలీలేదు.

అదే సమయంలో నెహ్రూ నగర్ ఫ్లాట్‌లో ప్రొఫెసర్ తెర మీదికి వంగాడు. 4417 వెళ్లిపోయింది. 5130 వచ్చింది. ఎవరీ 5130 అని అడిగాడు. లిస్టు చూసి చెబుతానని హేమమాలిని లేచింది. మెట్ల మీద బూట్ల చప్పుడు అతనికీ వినిపించింది. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. ఆమె తలుపు వైపు వెళ్లలేదు, అతని మణికట్టు రెండు చేతులతో పట్టుకుని బల్లకేసి అదిమింది. గాజులు పగిలాయి. వేలు కీకి అంగుళం దూరంలో ఉండగా టీమ్ తలుపు విరగ్గొట్టుకుని లోపలికి వచ్చింది. సాయంత్రానికల్లా మిగతా రెండు ఫ్యాక్టరీల పేర్లు దొరికాయి, వాటిలో క్రేన్లు ఆగాయి. హేమమాలిని చేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఇప్పుడు తాను ఎవరి మనిషినని ఆమె కనకరత్నాన్ని అడిగిందట.

పోత అయ్యాక యుగంధర్ నిచ్చెన దిగి వచ్చాడు. రెండు షిఫ్టుల నిద్రలేమితో కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇటుకల మీద కూర్చున్న ఇన్స్పెక్టర్ ముందు ఆగాడు. గడ్డం చూశాడు, కళ్లద్దాలు చూశాడు, చేతులు చూశాడు. మళ్లీ మొహం చూశాడు.

“విజిలెన్సా సార్?”

“కాదు. రోప్ ఇన్స్పెక్షన్.”

యుగంధర్ ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత రిజిస్టర్లో సంతకం పెట్టడానికి వెళ్లిపోయాడు.

*

దేశాన్ని కాపాడిన ఆ నాలుగు సెకన్లు రికార్డులో అలాగే ఉండిపోయాయి. 11:42:07కి 4417 బయటికి, 11:42:11కి 5130 లోపలికి. నూట నలభై టన్నులు గాల్లో ఉండగా కార్డు మార్చిన ఆపరేటర్‌కు కంపెనీ షోకాజ్ నోటీసు ఇచ్చింది. తిరుమలరావుకి వార్నింగ్‌తో సరిపోతుంది. యుగంధర్ ఉద్యోగం పోతుందని క్యాంప్ 2లో అందరూ అనుకున్నారు. ఉచ్చు సంగతి కంపెనీకి చెప్పడానికి లేదు, కేసు ఇంకా నడుస్తోంది.

ఇన్స్పెక్టర్ సూర్యప్రకాష్‌ను సాక్షిగా పిలిచారు. వెళ్లక్కర్లేదంది కనకరత్నం. ఆ మనిషి మాయమైపోతే చాలు, ఎనిమిదేళ్ల వేషం చెక్కుచెదరకుండా ఉంటుంది, తర్వాత పనికొస్తుంది. సింహాద్రి విన్నాడు. మర్నాడు గడ్డం అతికించుకుని ఎంక్వయిరీకి వెళ్లాడు.

ఎంక్వయిరీ ఆఫీసర్ వాసుదేవరావు నిదానస్తుడు, ప్రతి మాటా రాసుకునే రకం. సింహాద్రి తప్పంతా నెత్తిన వేసుకున్నాడు. ఇనుప తాడులో ఒక పోగు తెగినట్టు తనకు కనిపించిందని, కంగారులో కార్డు తియ్యమని సైగ చేసింది తనేనని, ఆపరేటర్ తన మాట విన్నాడు తప్ప సొంతంగా ఏమీ చెయ్యలేదని చెప్పాడు. తాడును మూడుసార్లు పరీక్షించామని, ఒక్క పోగు కూడా తెగలేదని వాసుదేవరావు అన్నాడు. అయితే తన కళ్లదే పొరపాటన్నాడు సింహాద్రి. మీలాంటి వాళ్లకి లైసెన్సు ఎవరిచ్చారని అడిగాడు వాసుదేవరావు. సింహాద్రి తల దించుకున్నాడు. ఆ లైసెన్సు అక్కడితో రద్దయింది. ఎనిమిదేళ్ల సూర్యప్రకాష్ ఆ గదిలోనే పోయాడు.

బల్లకి అటుపక్క యుగంధర్ కూర్చున్నాడు. అంతసేపూ ఇన్స్పెక్టర్ మీంచి కళ్లు తిప్పలేదు.

“ఒక్క ప్రశ్న,” అన్నాడు వాసుదేవరావు పెన్ను మూత తీస్తూ. “ఈ ఇన్స్పెక్టర్ మీకు ముందే తెలుసా? బంధువులా, స్నేహితులా?”

యుగంధర్ షోకాజ్ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాకొక అన్న ఉన్నాడు సార్,” అన్నాడు. “ఢిల్లీలో జనాభా లెక్కలు రాస్తాడు. పెద్ద పని, ఇంటికి రావడానికి కుదరదు. రావొద్దని నేనే అన్నాను. అది తప్పయిపోయింది, వస్తే బాగుణ్ణు.” బల్లకి అవతలున్న మనిషిని చూపించాడు. “ఈయనెవరో నాకు తెల్దు.”

సింహాద్రికి ఛాతీలో ఎక్కడో గట్టిగా నొప్పి పుట్టింది. ఆరేళ్లలో మొదటిసారి. అద్దాలు తీసి తుడుచుకుంటే గడ్డం ఊడుతుందేమోనని తడి కళ్లతో అలాగే కూర్చున్నాడు. ఎంత బాధగా ఉందో అంత హాయిగా ఉంది.

వాసుదేవరావు వాంగ్మూలం రాయించి ఇద్దరి ముందూ పెట్టాడు. సాక్షికీ ఉద్యోగికీ మధ్య ఎటువంటి బంధుత్వమూ లేదని చివరి వాక్యం. ఇద్దరూ చదివారు, ఇద్దరూ సంతకం పెట్టారు. యుగంధర్ ఉద్యోగం ఒక హెచ్చరికతో నిలిచింది.

ఆ ఫైలు నకలు రాయపూర్ చేరినప్పుడు కనకరత్నం అలవాటు కొద్దీ గుమస్తాకి ఇచ్చి చదవమంది. తాడు దగ్గర, సైగ దగ్గర, లైసెన్సు దగ్గర కలిపి పదకొండు చోట్ల సాక్షి అబద్ధమాడుతున్నాడని అది లైన్ నంబర్లతో సహా పట్టుకుంది. చివరి వాక్యం మాత్రం సరిగ్గానే ఉందంది.